ఇంకో చుట్టు

పోయిన వానాకాలంలో హైదరాబాదు నుంచి విశాఖపట్నం విమానంలో వస్తున్నాను. మేఘాల్లోంచి కిందికి దిగేసరికి కిటికీ అద్దం మీద వాన చుక్కలు అడ్డంగా పరుగెడుతున్నాయి. రన్‌వే పక్కన గడ్డి పరకలు విడివిడిగా కనిపించేంత దగ్గరికి వచ్చేశాం. చక్రాలు ఇప్పుడో ఇంకాసేపటికో నేలను తాకుతాయని అందరం ఒళ్లు బిగబట్టుకుని కూర్చున్నాం. అంతలో ఇంజన్ల మోత ఒక్కసారిగా పెరిగింది. వీపు సీటుకు అతుక్కుపోయింది. కింద ఉన్న నేల చటుక్కున జారిపోయింది. ముందు వరుసలో ఎవరో కేక వేశారు. నా పక్కన కూర్చున్న అబ్బాయి, ఏదో కంపెనీలో పనిచేస్తున్నానని ఎక్కగానే చెప్పినవాడు, సీటు చేతులు గట్టిగా పట్టుకుని "ఏమైందండీ?" అన్నాడు. "ఏం కాలేదు బాబూ. దిగడం కుదర్లేదు. ఇంకో చుట్టు తిరిగి వస్తాడు" అన్నాను. కాసేపటికి పైలట్ కూడా మైకులో అదే మాట చెప్పాడు.

ఆ అబ్బాయి నన్ను వింతగా చూశాడు. "మీరు విమానాల్లో పనిచేసేవారా అమ్మా?" అని అడిగాడు. "లేదు, దస్తానాలు కుట్టే చోట పనిచేశాను" అంటే వేళాకోళం అనుకుని నవ్వేశాడు. తమ ఆఫీసు మీటింగుల్లో కూడా విమానాల మాటలు బాగా వాడతారని చెప్పాడు. వ్యాపారం టేకాఫ్ అయిందంటారట, చేతిలో డబ్బు ఎన్నాళ్లకు సరిపోతుందో చెప్పడానికి మనకి రన్‌వే ఇంత ఉందంటారట. అన్నీ పైకి లేచే మాటలే. దిగబోయి, కుదరక, మళ్లీ లేచి వెళ్లడానికి కూడా విమానాలవాళ్ల దగ్గర ఒక మాట ఉంది. ఆ మాటని వ్యాపారంలో వాడిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆవిడ పేరు సుగుణమ్మ గారు. జంషెడ్‌పూర్‌లో నా మొదటి యజమాని.

అరవైల మొదట్లో సంగతి. మా నాన్న ఉక్కు కార్ఖానాలో కొలిమి దగ్గర పనిచేసేవాడు. మాది శ్రీకాకుళం వైపు ఊరైనా నేను జంషెడ్‌పూర్‌లో కార్ఖానావారి అగ్రికో క్వార్టర్లలోనే పుట్టి పెరిగాను. తెలుగు బడిలో మెట్రిక్ దాకా చదివాను. ఆపైన చదివించడం నాన్న వల్ల కాలేదు. ఇంట్లో ఊరికే కూర్చోవడం నా వల్ల కాలేదు. సీతారామ్‌డేరా పేటలో ఒక టీచరమ్మ దస్తానాలు కుట్టిస్తున్నారనీ, బిల్లులు రాయడానికి హిందీ కూడా వచ్చిన తెలుగు పిల్ల కోసం చూస్తున్నారనీ తెలిసి నాన్నే నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. దస్తానా అంటే చేతితొడుగు. కార్ఖానాలో వేడి ఇనుము పట్టుకునేవాళ్లు తొడుక్కునేది, అరచేతి వైపు తోలు, మణికట్టు పైన కాన్వాసు. జంషెడ్‌పూర్ తెలుగువాళ్లు కూడా దాన్ని దస్తానా అనే అనేవాళ్లు.

సుగుణమ్మ గారు కాకినాడ వైపు నుంచి వచ్చిన క్రైస్తవులు. పొడుగాటి మనిషి. నీలం అంచు తెల్లచీర, మెడలో తాడుకు వేలాడే కళ్లజోడు. బడి మానేసి ఏళ్లయినా హాజరు పిలుస్తున్నట్టే మాట్లాడేవారు. ఆ రోజు నా మార్కులు అడగలేదు. బల్ల మీద ఒక పెన్సిలు పెట్టి, నా చేతికి ఒక దస్తానా ఇచ్చారు.

"తొడుక్కుని ఆ పెన్సిలు తియ్యి."

రెండుసార్లు జారిపోయింది. "వేళ్లు తిరగట్లేదండి" అన్నాను.

"మీ నాన్న రోజూ ఇలాంటివి తొడుక్కునే పని చేస్తాడు. బిల్లు రాసేటప్పుడు అది గుర్తుంటే చాలు. రేపు రా."

తిరిగొచ్చే దారిలో, సాక్చి బజారు దాటాక నాన్న, "మాట కటువు గానీ మంచి మడిసే. ఎల్లు పైడీ, ఆ అమ్మ కాడ పని నేర్సుకో" అన్నాడు. నా పూర్తి పేరు పైడితల్లి. ఆ కుట్టుపని ఇంట్లో కూడా మర్నాటి నుంచి పైడినే అయ్యాను.

అది నిజంగా ఇల్లే. ముందు రెండు గదుల్లో మిషన్లు, వెనక గదిలో కాపురం. కుట్టేది ఓ డజను మంది ఆడవాళ్లు, ఎక్కువమంది మా వైపువాళ్లే. వరండాలో వాలు కుర్చీలో సుగుణమ్మ గారి భర్త డేనియల్ గారు కూర్చుని తోలు మీద సుద్దతో కొలతలు గీసేవారు. ఆయన కుడి కాలు వంగేది కాదు. ఒకప్పుడు వేరే ఊళ్లో ఒక కంపెనీవారి చిన్న విమానం నడిపేవారని నేను చేరిన వారానికి తెలిసింది. నమ్మబుద్ధి కాలేదు. ఎప్పుడూ నవ్వుతూ, ఎవరికీ అడ్డు చెప్పకుండా ఉండే ఆ మనిషి ఆకాశంలో ఒంటరిగా ఉండటం నా ఊహకు అందలేదు.

ఆ వేసవిలో ఒక సాయంత్రం గాలివాన మొదలవుతోంది. విమానాలు దిగే సోనారీ వైపు ఒక చిన్న విమానం బాగా కిందికి వచ్చి, ఊగి, మళ్లీ పెద్ద మోతతో పైకి లేచింది. మిషన్లు ఆపేసి అందరం వాకిట్లోకి పరుగెత్తాం. మాలో పెద్దది నూకాలమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యగారూ, అది దిగనేకపోతందేటండీ? పడిపోద్దా?"

"పడదు నూకాలమ్మా. గాలి అడ్డంగా కొడుతోంది, దిగే దారి కుదర్లేదు. అందుకని దిగడం మానేసి, ఇంజనుకు ఉన్న బలమంతా ఇచ్చి పైకి లేచాడు. ఒక చుట్టు తిరిగి మళ్లీ మొదట్నుంచి వస్తాడు. దాన్ని మేము గో అరౌండ్ అనేవాళ్లం."

"అంటే ఓడిపోయినట్టు కాదా?"

ఆయన గట్టిగా నవ్వారు. "అది ఓటమైతే విమానం నడిపినవాళ్లలో ఓడిపోనివాడు ఒక్కడూ ఉండడు. దారి కుదర్లేదని తెలిశాక కూడా ఎలాగోలా దించేద్దాం అనుకుంటాడు చూడు, వాడికే ప్రమాదం. అయితే ఒకటి, ఆ నిర్ణయం నేల తాకకముందే తీసుకోవాలి. లేవడానికి బలం చేతిలో ఉండగానే తీసుకోవాలి."

మేం చూస్తుండగానే విమానం పెద్ద చుట్టు తిరిగి వచ్చి చెట్ల వెనక్కి తిన్నగా దిగిపోయింది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. డేనియల్ గారు మాత్రం ఆ చెట్ల వైపే చూస్తూ కూర్చున్నారు.

ఆయన కాలి సంగతి సుగుణమ్మ గారే నాకు చెప్పారు, ఒక మధ్యాహ్నం అన్నం తింటూ. ఇలాంటి గాలిలోనే ఒకసారి ఆయన దిగబోయారట. కుదర్లేదని ఆయనకు తెలుసు. వెనక సీట్లో కూర్చున్న పెద్దమనిషికి ఎక్కడికో వేళకు చేరాలి. దించెయ్ దించెయ్ అంటున్నాడు. దించారు. విమానం రన్‌వే దాటిపోయి తిరగబడింది. ఆ పెద్దమనిషికి చిన్న గాయమైనా కాలేదు. ఈయన మళ్లీ విమానం ఎక్కలేదు. "అప్పుడే నేను బడి మానేసి ఈ పని పెట్టాను. ఆయన పక్కనే ఉండి చేసుకునే పని కావాలి కదా" అన్నారావిడ. ఆ గొంతులో ఫిర్యాదు లేదు.

డేనియల్ గారి గో అరౌండ్ మాటని ఆవిడ తెలుగు చేసి పనిలోకి తెచ్చుకున్నారు. తోలు మీద కత్తిరింపు గీత సరిగ్గా పడకపోతే, "ఆపు. ఇంకో చుట్టు" అనేవారు. కుట్టు వంకర పోతే విప్పించి, "ఇంకో చుట్టు." బేరం మాట్లాడటానికి వచ్చినవాడు తొందరపెడితే, నవ్వుతూ కుర్చీలోంచి లేచి, "మళ్లీ రండి, ఇంకో చుట్టు మాట్లాడుకుందాం." అది మా అందరి నోళ్లలోకీ ఎక్కింది. ఒకరోజు నూకాలమ్మ కూర మాడ్చేసి, "ఏటి సేత్తాం, ఇంకో సుట్టు" అని మళ్లీ పొయ్యి మీద పెట్టింది. అప్పటికి అది మాకు సరదా మాటే.

తర్వాతి సంవత్సరం పెద్ద ఆర్డరు వచ్చింది. కార్ఖానాలకు సామాను సరఫరా చేసే మిశ్రాజీ అనే కాంట్రాక్టరు తెచ్చాడు. అంత పని మేం ఎన్నడూ చూడలేదు. ఇంకొందరిని పనిలోకి తీసుకున్నాం. మేం మామూలుగా తోలు తెప్పించుకునే కలకత్తా వ్యాపారి సరుకు ఆలస్యమవుతుందన్నాడు. మిశ్రాజీ తనకు తెలిసినవాడి దగ్గర్నుంచి తోలు పంపించాడు. అదే బూడిద రంగు, పైగా ఇంకా నున్నగా ఉంది. పగలంతా కుట్టాం. తోలు లాగి లాగి ఆడవాళ్ల వేళ్లు పుండ్లు పడ్డాయి. అయినా అందరి ముఖాల్లో వెలుగే. ఇది బాగా జరిగితే పక్కిల్లు కూడా అద్దెకు తీసుకుందామని సుగుణమ్మ గారు అనేవారు.

బేళ్లు కట్టడం పూర్తయిన ఉదయం లారీ వచ్చింది. సరుకు ఎక్కించాం. సుగుణమ్మ గారికి ఒక అలవాటుంది. ఏ సరుకు గుమ్మం దాటాలన్నా ముందు తనకు తోచిన చోటి నుంచి ఒక దస్తానా లాగి, తన చేతికి తొడుక్కుని, బొగ్గుల పొయ్యిలో కాల్చిన ఇనుప కడ్డీ పట్టుకునేవారు. ఒకసారి ప్రార్థన చెప్పుకునేంతసేపు పట్టుకుని వదిలేవారు. ఆ రోజు కూడా పెదవులు కదిలించడం మొదలుపెట్టారు. సగంలోనే కడ్డీ కింద పడేశారు.

దస్తానా విప్పి చూస్తే అరచేతి తోలు కాల్చిన అప్పడంలా ముడుచుకుపోయి ఉంది. వేలితో నొక్కితే పెళుసుగా విరిగింది. ఇంకో బేలులోంచి మరొకటి తీశారు. అదీ అంతే. డేనియల్ గారు కర్ర పట్టుకుని లేచి వచ్చి, ఆ ముక్కని వాసన చూసి, "ఇది వేడికి తట్టుకునే తోలు కాదు సుగుణా. చెప్పులు కుట్టే తోలుకి రంగు వేశాడు" అన్నారు.

ఆవిడ లారీ డ్రైవరు వైపు తిరిగి, "బేళ్లు దించు" అన్నారు.

లారీతో పాటు వచ్చిన మిశ్రాజీ పరుగెత్తుకొచ్చాడు. "క్యా కర్ రహీ హైఁ బహెన్‌జీ? వహాఁ కౌన్ దేఖ్‌నే వాలా హై?" అక్కడ పరీక్షించి చూసేవాళ్లు ఎవరున్నారని అతని ధీమా.

"దేఖ్‌నే వాలా కోయీ నహీఁ, మిశ్రాజీ" అన్నారావిడ, గొంతు పెంచకుండా. "పహన్‌నే వాలా తో హై."

చూసేవాడు లేకపోయినా తొడుక్కునేవాడు ఉన్నాడు కదా అని. మిశ్రాజీ చేతులు ఊపాడు, అరిచాడు, ఇక ఈ గుమ్మం తొక్కనన్నాడు. నూకాలమ్మ మెట్ల మీద కూలబడింది. "అమ్మగారూ, సేతులు పుండ్లు సేసుకుని కుట్టినాం. ఇప్పుడు మా పని ఏటవుద్ది?" నేను కూడా ఊరుకోలేకపోయాను. "టీచరమ్మ గారూ, కొన్నయినా ఏరి పంపిద్దామండీ" అన్నాను.

"ఏరడానికి ఏముంది? తోలంతా ఒక్కటే" అన్నారు. అప్పుడు మొదటిసారి ఆ మాటని నవ్వకుండా, గుమ్మం ముందున్న లారీ వైపే చూస్తూ అన్నారు. "మీ పనిలో తప్పు లేదు నూకాలమ్మా. ఇంకా నేల తాకలేదు. ఈ లారీ కదిలితే ఇక మనం లేవలేం. ఇంకో చుట్టు తిరుగుదాం."

ఆ సాయంత్రం ఇంటికి ఒక పాడైన దస్తానా పట్టుకెళ్లి నాన్నకు చూపించాను. పని పోతుందేమోనని ఏడుపు వస్తోంది. ఆయన దాన్ని తొడుక్కుని, వేళ్లు ముడిచి, తెరిచి, తోలు బీటలిచ్చిన చోట తడుముకున్నాడు. "ఇది ఏసుకుని కడ్డీ అట్టుకుంటే, సెయ్యి దీంట్లోనే అతుక్కుపోద్ది" అన్నాడు. తర్వాత నా వైపు చూసి, "రేపు ఆ అమ్మకి సెప్పు, కొలిమి కాడోలందరూ దండమెట్టినారని" అన్నాడు. ఆ కబురు మర్నాడు చెప్పాను. సుగుణమ్మ గారు కళ్లజోడు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయారు.

ఆ ఆర్డరు మళ్లీ రాలేదు. మిశ్రాజీ దాన్ని ఇంకెవరికో ఇచ్చుకున్నాడు. కొత్తగా చేరినవాళ్లు వెళ్లిపోయారు, పాతవాళ్లలో కూడా కొందరు వెళ్లారు. ఇల్లు గడవాలి కదా, నూకాలమ్మ కూడా వెళ్లింది. మిగిలినవాళ్లం కూర్చుని ఆ దస్తానాలన్నీ కుట్లు విప్పాం. తోలు పారేసి, పైభాగం కాన్వాసుతో బడిపిల్లల సంచులు కుట్టాం. సగం మిషన్ల మీద గుడ్డ కప్పి ఉండేది. ఆ గదిలో అన్నాళ్లూ నాకు వినిపించినది మిషన్ల చప్పుడు కాదు, గోడ గడియారమే.

అయితే అసలు కష్టం తర్వాత వచ్చింది. తీగలు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీ ఫోర్‌మన్, లారీ ఖాళీగా తిరిగి వెళ్లిన కథ ఎక్కడో విని, మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. వెల్డింగు పనివాళ్లకు దస్తానాలు కావాలి, ముందు కొన్ని కుట్టి చూపించండి అన్నాడు. మేం ఎగిరి గంతేశాం. సుగుణమ్మ గారు మాత్రం తోలు చూడాలన్నారు. కలకత్తా నుంచి తోలు వచ్చింది. కడ్డీ పట్టుకున్నారు, చెక్కుచెదరలేదు. అయినా వెనక్కి పంపేశారు. ఇంకో తోలు తెప్పించారు. అదీ నిలిచింది. అదీ వద్దన్నారు. ఫోర్‌మన్ రెండోసారి వచ్చి వెళ్లాడు. అడిగితే, "ఇంకో చుట్టు చూద్దాం" అనేవారు. ఆవిడ నోట అదే మాట, కానీ ఆ గొంతు వేరు. ధైర్యంగా పలికిన మాటే భయానికి ముసుగైందని అప్పుడు నాకు తెలియలేదు. డేనియల్ గారికి తెలిసింది.

మూడో తోలు వచ్చిన రోజు టీ తాగుతున్నాం. ఆవిడ కడ్డీ పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుని చూస్తున్నారు.

"సుగుణా, తోలు బాగుంది" అన్నారాయన. "చెయ్యి కూడా బాగుంది. ఇంకేం చూస్తావు?"

"మళ్లీ పొరపాటైతే?"

"అప్పుడు మళ్లీ లేద్దాం. కానీ చుట్లు తిరుగుతూ ఉండటానికి కాదు పైకి లేచేది. దిగడానికే. పెట్రోలు ఉన్నంతసేపే కదా తిరగడం."

"మీకేమండీ, కూర్చుని మాటలు చెబుతారు" అన్నారావిడ కోపంగా. అనేశాక ఆ కాలు వైపు చూసి నాలుక కరుచుకున్నారు. ఆయన నవ్వారు. "కూర్చోబట్టే చెబుతున్నాను. దిగకూడనప్పుడు దిగితే ఏమవుతుందో నాకు తెలుసు. దిగాల్సినప్పుడు దిగకపోయినా అక్కడికే చేరతాం."

టీ చల్లారిపోయింది. సుగుణమ్మ గారు లేచి లోపలికి వెళ్లారు. తిరిగి వచ్చినప్పుడు చేతిలో పెద్ద కత్తెర ఉంది. "పైడీ, తోలు పరుచు" అన్నారు.

ఆ దస్తానాలు ఫ్యాక్టరీకి వెళ్లాయి. నిలిచాయి. ఫోర్‌మన్ మళ్లీ వచ్చాడు, ఈసారి ఇంకా ఎక్కువ కావాలంటూ. ఆ తర్వాత అతని స్నేహితుడు, ఆపైన మరో కార్ఖానా. మొదట పోయినంత పెద్ద ఆర్డరు మాకు ఎప్పుడూ రాలేదు. కానీ చిన్నవి ఆగకుండా వచ్చాయి. మిషన్ల మీది గుడ్డలు ఒక్కొక్కటే తీశాం. ఒకరోజు పొద్దున్నే నూకాలమ్మ గుమ్మంలో నిలబడి, "ఏటి, నా మిషను మీద ఎవులైనా కూకున్నారా?" అని అడిగింది. "నీ కోసమే ఖాళీగా ఉంచాం" అన్నారు సుగుణమ్మ గారు. అది పూర్తిగా నిజం కాదు. దాని మీద నేను కుట్టు నేర్చుకుంటున్నాను. లేచి చోటిచ్చాను. నాకు అక్కడ బిల్లుల పని పోయి కత్తిరింపు పని, ఆ తర్వాత తోలు కొనే పని, చివరికి బేరం మాట్లాడే పని కూడా వచ్చాయి. పెళ్లయి విశాఖపట్నం వచ్చాక నేను సొంతంగా పెట్టుకున్న కుట్టుపని ఆ ఇంట్లో నేర్చుకున్నదే.

డేనియల్ గారు పోయిన తర్వాత ఒకసారి జంషెడ్‌పూర్ వెళ్లి ఆవిడని చూశాను. బాగా వంగిపోయారు, మాట మాత్రం తగ్గలేదు. ఎన్నో ఏళ్లుగా అడగాలనుకున్నది అడిగాను. "ఆ రోజు లారీలోంచి సరుకు దించమన్నప్పుడు మీకు భయం వెయ్యలేదా టీచరమ్మ గారూ?"

"వెయ్యలేదని ఎవరన్నారు?" అన్నారు. "అందుకే డ్రైవరుతో మాట్లాడాను. మీ వైపు తిరగలేదు. మీ ముఖాలు చూసి ఉంటే పంపించేద్దును, పైడీ."

అన్నేళ్లూ నేను ఆవిడది రాతిలాంటి గట్టిదనం అనుకున్నాను. మా మీద అంత ప్రేమ ఉండీ అంత మాట అనగలిగారని అప్పుడు తెలిసింది.

నా దగ్గరా ఇప్పుడు కుట్టేవాళ్లున్నారు. వద్దనాల్సిన రోజులు నాకూ వస్తాయి. నెలల పని వెనక్కి తీసుకోవాల్సిన రోజులు, అందరూ ఇక అయిపోయిందనుకునే రోజులు. అప్పుడు నేను ఆవిడలా గుమ్మం వైపు చూడను. కుట్టే పిల్లల్ని పిలిచి, చుట్టూ కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కరి ముఖమూ చూస్తూ చెబుతాను. ఆవిడ చెయ్యలేకపోయిన ఆ ఒక్క పనీ నేను చెయ్యగలుగుతున్నాను. మళ్లీ మొదలుపెట్టినవాళ్లు బతికి బాగుపడటం నా కళ్లతో చూశాను కాబట్టి, ఆ ముఖాలకు ధైర్యంగా చెప్పగలుగుతున్నాను.